పక్క నుంచి గుద్దిన బండి: పాఠకుల ప్రశ్నలు, ఒంగోలు లాయరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటి కథ ఒకటే. రోడ్డు దాటుతుంటేనో, మలుపు తిరుగుతుంటేనో ఇంకో బండి వచ్చి పక్క తలుపు మీద పడింది. ఒంగోలు కోర్టులో ఇరవై మూడేళ్లుగా మోటారు ప్రమాదాల కేసులు చూస్తున్నాను. జనం నోరు మూసుకుని ఇంటికి పోయేది ఎక్కువగా ఈ రకం కేసుల్లోనే. "అడ్డం పోయింది మనమే కదా" అనుకుంటారు. అడ్డం పోయింది డ్రైవరు. కాలు విరిగింది పక్కన కూర్చున్న మనిషికి. ఈ రెండింటినీ కలిపేసి ఎంతమంది ఆడవాళ్లు హక్కు వదులుకున్నారో నా కళ్లతో చూశాను. అందుకే ఈసారి పేజీ మొత్తం ఈ ఐదు ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. నాలుగున్నర నెలల కిందట మా మరిది కారులో ఒంగోలు నుంచి వస్తున్నాం. హైవే మీద మా ఊరి దారికి కుడివైపు తిరుగుతుంటే, కావలి వైపు నుంచి వచ్చిన లారీ ఎడమ పక్క వెనక తలుపును గుద్దింది. నేను కూర్చున్నది అక్కడే. పెల్విస్ ఎముక, మూడు పక్కటెముకలు విరిగాయి. రెండు నెలలు మంచం మీదే ఉన్నాను. ఇప్పటికీ అరగంట కూర్చుంటే తుంటి దగ్గర లాగేస్తుంది, మిషను తొక్కలేను. పోలీసులు కేసు మా మరిది మీదే రాశారు, చూసుకోకుండా దాటాడని. లారీ ఓనరు తరఫున పెద్దమనుషులు వచ్చి 60,000 ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. మా అత్త "తప్పు మనవాడిదే, వచ్చింది తీసుకో, కేసు వేస్తే నీ మరిదిని జైల్లో పెట్టించినట్టే" అంటోంది. వెనక సీట్లో బెల్టు పెట్టుకోలేదు కాబట్టి నాకు పైసా రాదని ఇంకొకరు చెప్పారు. ఏం చెయ్యమంటారు?
- ఒక సోదరి, సింగరాయకొండ మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతాది నింపాదిగా చెబుతాను.

మీ అత్తగారి భయం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మిమ్మల్ని ఆపుతున్నది అదే. మీ మరిది మీద పోలీసులు పెట్టింది క్రిమినల్ కేసు. భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్ల కింద ఉంటుంది, మేజిస్ట్రేటు కోర్టులో నడుస్తుంది. మీరు వేసినా వెయ్యకపోయినా దాని దారి దానిదే. మీరు వెయ్యబోయేది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో, మా కోర్టు భాషలో ఎం.వి.ఓ.పి. అంటాం. అది డబ్బు కోసం వేసేది, ఎవరినీ జైలుకు పంపేది కాదు. అసలు గురి బీమా కంపెనీల మీద. బండి ఓనర్ల పేర్లు అందులో తప్పనిసరిగా ఉండాలి కాబట్టి మీ మరిది పేరూ ఉంటుంది. నోటీసు ఇంటికొచ్చినప్పుడు అత్తగారు మళ్లీ కంగారు పడతారు. ఆ రోజుకు ఇప్పటి నుంచే ఆమెకు నచ్చజెప్పి ఉంచండి.

ఇక తప్పు ఎవరిదన్న మాట. ఎఫ్ఐఆర్‌లో రాసిందే ఆఖరి మాట కాదు. ట్రిబ్యునల్ తనంతట తాను సాక్ష్యం చూసి తేలుస్తుంది. డివైడర్ సందు దగ్గర బండ్లు తిరుగుతాయని లారీ డ్రైవరుకూ తెలుసు, అక్కడ వేగం తగ్గించాల్సిన బాధ్యత అతనికీ ఉంది. బ్రేకు వేసిన గుర్తులు ఎంత దూరం ఉన్నాయి, కారును ఎంత దూరం ఈడ్చుకుపోయాడు అన్నవి పోలీసుల రఫ్ స్కెచ్‌లో, ఎంవీఐ (బండిని తనిఖీ చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టులో ఉంటాయి. ఒక సంగతి గమనించండి, దెబ్బ వెనక తలుపు మీద పడింది. అంటే కారు ముందు భాగం అప్పటికే లారీ దారి దాటేసింది. లారీవాడికి కారు కనపడకపోయే అవకాశం లేదని వాదించడానికి ఇది పనికొస్తుంది. దీని ఒక్కదానితోనే గెలుస్తామని చెప్పను కానీ, ఫొటోలు ఉంటే భద్రంగా దాచండి.

ఇద్దరు డ్రైవర్లదీ తప్పని తేలిందే అనుకోండి, మీరు బండి నడపలేదు కదా. ఇద్దరి తప్పు వల్ల మూడో మనిషికి దెబ్బ తగిలితే, ఆ మనిషి మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచైనా వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో ఖెన్యేయ్ కేసులో చెప్పింది. వాళ్లలో వాళ్లు వాటాలు తర్వాత తేల్చుకుంటారు. మీ పరిహారంలో "మీ మరిది వంతు ఇంత" అని కొయ్యరు. అందుకే లారీ ఓనరు, లారీ బీమా, కారు ఓనరు, కారు బీమా, నలుగురినీ ప్రతివాదులుగా పెట్టించండి. ఒకరిని వదిలేసి, తప్పంతా ఆ వదిలేసినవాళ్ల బండిదే అని తేలితే చేతిలో ఏమీ ఉండదు.

కారు పాలసీ కాగితం ఈ రోజే తీసి చూడండి. మన ఊళ్లలో ఫుల్ ఇన్సూరెన్స్ అంటామే, ఆ ప్యాకేజీ పాలసీ అయితే కారులో కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుంది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే ఆ కారులో ఊరికే ఎక్కి కూర్చున్నవాళ్లకు రాదు. అప్పుడు మీకున్న ఆధారం లారీ బీమాయే. లారీకి సంబంధించినంత వరకు మీరు నూటికి నూరు పాళ్లూ థర్డ్ పార్టీ, అంటే బయటి మనిషి.

సీటు బెల్టు గురించి. వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోవాలని రూలు ఉంది. పెట్టుకోలేదు కాబట్టి పరిహారం తగ్గించాలని బీమా లాయరు తప్పకుండా అంటాడు. కానీ రూలు తప్పినంత మాత్రాన సరిపోదు, ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెరిగిందనో చూపించాలి. 2020లో మహమ్మద్ సిద్ధిఖీ కేసులో బైకు మీద ముగ్గురు ఎక్కిన సంగతిలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కారుకు ముందు వైపు బానెట్టు, ఇంజను ఉన్నాయి, దెబ్బను కొంత అవే మింగుతాయి. పక్కన మీకూ లారీకీ మధ్య ఉన్నది జానెడు తలుపు. మన దేశంలో కార్లకు పక్క దెబ్బ పరీక్ష పెట్టేటప్పుడు 950 కిలోల ట్రాలీని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తలుపుకు గుద్దిస్తారు. లోడు లారీ బరువు దానికి ఎన్ని రెట్లో మీరే ఊహించుకోండి. తలుపే లోపలికి వచ్చి పెల్విస్‌ను నొక్కేసినప్పుడు బెల్టు ఉంటే ఆ ఎముక విరిగేది కాదని వాళ్లు నిరూపించాలి. మీ డాక్టరు సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ ప్రశ్న అడిగించమని మీ లాయరుకు చెప్పండి. (ఇది చదివి బెల్టు అక్కర్లేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. బెల్టు లేని మనిషి దెబ్బకు ఎగిరి రెండో పక్క కూర్చున్నవాళ్ల మీద పడతాడు. అలా తలలు పగిలిన కేసులు చూశాను.)

ఆ 60,000 గురించి లెక్క వేసి చూపిస్తాను. మీ సంపాదన నెలకు 12,000 అనుకుందాం. మీది సొంత పని, వయసు 40 లోపు. కాబట్టి 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. నెలకు 16,800, ఏడాదికి 2,01,600 అవుతుంది. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు సరళా వర్మ తీర్పు ఇచ్చిన గుణకం, అంటే ఏడాది సంపాదనను హెచ్చించే అంకె, 16. అంటే 32,25,600. మీ సంపాదన శక్తి 30 శాతం పోయిందని ట్రిబ్యునల్ నమ్మితే 9,67,680 రూపాయలు. ఆస్పత్రి బిల్లులు, మంచంలో ఉన్న రెండు నెలల ఆదాయం, నొప్పికీ బాధకూ ఇచ్చేది, మిమ్మల్ని చూసుకున్న మనిషి ఖర్చు, ఇవన్నీ దీనికి పైన. ఇంత వస్తుందని హామీ ఇవ్వడం లేదు. 12,000 అన్నది నేను అనుకున్న అంకె, 30 శాతం కూడా అంతే. కానీ పెద్దమనుషులు మీ ముందు పెట్టింది దేనికి బదులుగానో మీకు తెలియాలి.

ఆ శాతం దగ్గరే కేసులు గెలిచేదీ, ఓడేదీ. మెడికల్ బోర్డు సర్టిఫికెట్లో రాసే వైకల్యం వేరు, సంపాదనలో పడే గండి వేరు. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా విడమరిచి చెప్పింది. ఒక చెయ్యి పోతే డ్రైవరుకు, వడ్రంగికి బతుకే పోతుంది, గుమస్తా ఉద్యోగం చేసుకోగలడు. మీకు బోర్డు 15 శాతమే రాయొచ్చు. కానీ అరగంట కూర్చోలేని మనిషి, మిషను తొక్కలేని మనిషి జాకెట్లు ఎలా కుడుతుంది? దాన్ని మీరు బోనులో మీ నోటితో చెప్పాలి. మీ దగ్గర కుట్టించుకునే ఇద్దరు ఆడవాళ్లతో చెప్పించండి. కొలతలు రాసుకునే నోటు పుస్తకం, దారాలు, లైనింగు కొన్న చీటీలు, ఏవి ఉంటే అవి బయటికి తీయండి. డాక్టరును కూడా సాక్షిగా పిలిపించాలి. ఉత్త సర్టిఫికెట్ పడేస్తే సరిపోదు.

గడువు మాట. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వెయ్యాలి. ఈ నిబంధన చెల్లదంటూ సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి. వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. మీకు నెలన్నర మిగిలింది. పోలీసులు కూడా ప్రమాద నివేదికను మూడు నెలల్లోగా ట్రిబ్యునల్‌కు పంపాలని చట్టంలో ఉంది, దాన్నే దరఖాస్తుగా తీసుకోవచ్చు కూడా. అది వెళ్లిందో లేదో కనుక్కోండి, వెళ్లినా సరే మీ పిటిషన్ మీరు వెయ్యండి. పైగా వడ్డీ లెక్క మొదలయ్యేది పిటిషన్ వేసినప్పటి నుంచే. ప్రమాదం జరిగిన చోటైనా, మీరు ఉండే చోటైనా వెయ్యొచ్చు. మీకు రెండూ ఈ జిల్లాలోనే కాబట్టి దూరాభారం లేదు.

అదే చట్టం 164వ సెక్షన్ కింద తప్పు నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే, అది నిజమే. ఎముక విరిగితే తీవ్ర గాయమే. కానీ ఆ డబ్బు ఒప్పుకుని తీసుకుంటే పూర్తి పరిహారం కోసం వేసే ఈ పిటిషన్ అక్కడితో పోతుంది. మీ మరిది మీద కేసు ఉందని భయపడి తొందరపడి ఆ దారి పట్టకండి.

లాయరు ఫీజు గురించి అడగలేదు, అయినా చెబుతాను. ఆస్పత్రి మంచం దగ్గరికే వకాల్తా పట్టుకొచ్చి "వచ్చినదాంట్లో ఇంత శాతం" అనేవాళ్లున్నారు. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. అలాంటి కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఒంగోలు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి ఆధార్, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని వెళ్లండి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ప్రశ్న: మా మామగారికి 67 ఏళ్లు. ఆయన కూర్చున్న కారును కావలి ఊళ్లో పక్క నుంచి బొలేరో గుద్దింది. పైకి గాయం లేదు. ఆస్పత్రిలో చూపించి ఇంటికి తెచ్చాం. రెండు రోజులకు కడుపు నొప్పి, కళ్లు తిరగడం. మళ్లీ చేర్పించాం, లోపల రక్తస్రావం అన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. చేర్చేటప్పుడు పోలీసు గొడవ ఎందుకని మా ఆయన "ఇంట్లో పడ్డాడు" అని రాయించారు. దీనివల్ల ఏమైనా నష్టమా?
- కావలి నుంచి ఒక కోడలు

జవాబు: నష్టమే తల్లీ. ఎంత నష్టమో నా కథ చెబితే తెలుస్తుంది.

2007 వేసవి. నాకు అప్పటికి నాలుగేళ్ల ప్రాక్టీసు. చీమకుర్తిలో పెళ్లి చూసుకుని కారులో ఒంగోలు వస్తున్నాం. కర్నూలు రోడ్డు మీద పక్క సందులోంచి జీపు వచ్చి నా తలుపు మీద పడింది. కాలర్ బోన్, రెండు పక్కటెముకలు పోయాయి. నాకు స్పృహ ఉండీ లేనట్టుంది. క్యాజువాలిటీలో మా పెదనాన్న, పాపం మంచి ఉద్దేశంతోనే, "పెళ్లికెళ్లొచ్చిన పిల్ల, స్టేషన్ల చుట్టూ ఏం తిరుగుతుంది" అని "మెట్ల మీద జారింది" అని రాయించాడు. వారం తర్వాత తెలిసి కేసు పెట్టించాను, క్లెయిమ్ వేశాను. క్రాస్ ఎగ్జామినేషన్లో బీమా లాయరు కేస్ షీట్ చేతిలో పెట్టుకుని ఒకే ప్రశ్న అడిగాడు: "మీ ఇంటికి మెట్లెన్ని మేడమ్?" అప్పట్లో మాది మెట్లు లేని పెంకుటిల్లు. అదే చెప్పాను. అయినా ట్రిబ్యునల్ ఆ మొదటి కాగితాన్నే నమ్మింది. పిటిషన్ కొట్టేశారు. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చే ప్రతి కేసులో నేను మొదట అడిగేది ఆస్పత్రి మొదటి కాగితమే.

మీరు ఇప్పుడైనా చెయ్యగలిగింది ఉంది. స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి, ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాయండి. రెండోసారి చేర్చినప్పటి స్కాన్ రిపోర్టు, డాక్టరు రాసిన నోట్సు తీసుకోండి. పక్క నుంచి నొక్కుకుపోయే దెబ్బకు ప్లీహం, కాలేయం లాంటివి లోపల చిట్లి, నొప్పి ఆలస్యంగా బయటపడొచ్చని వైద్యులకు తెలుసు. ఇంట్లో కాలు జారితే వచ్చే దెబ్బేనా ఇది అని సర్జన్‌తో చెప్పించగలిగితే మొదటి కాగితం బలం తగ్గుతుంది. ఆ కారు ఫొటోలు, బొలేరో నంబరు, చూసినవాళ్ల పేర్లు ఇప్పుడే రాసి పెట్టండి. మీ ఆయన కూడా తాను అలా ఎందుకు రాయించాడో ప్రమాణ పత్రంలో చెప్పాలి. సిగ్గుపడి దాచొద్దు.

ఇంకో మాట. పోలీసు కేసు వద్దనుకోవడంలో మీరు పోగొట్టుకున్నది ఇంకొకటుంది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం ఉంది. అది రోడ్డు ప్రమాదమని చెప్పినప్పుడే కదా వర్తించేది.

ప్రశ్న: అక్కా, నాకు 26. మా నాన్న పేరు మీదున్న కారు నేనే నడుపుతున్నాను. అద్దంకి దారిలో మా పల్లె రోడ్డు నుంచి మెయిన్ రోడ్డు ఎక్కుతుంటే ప్రైవేటు బస్సు వచ్చి నా తలుపు మీద గుద్దింది. కుడి తొడ ఎముకలో రాడ్డు వేశారు. పక్కన మా అమ్మకు మణికట్టు విరిగింది. బస్సు చాలా స్పీడు. కానీ నేనే అడ్డమొచ్చానని కేసు నా మీద పెట్టారు. నాకు ఏమైనా వస్తుందా?
- ప్రకాశం జిల్లా నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, నీకు తీపి మాటలు చెప్పను. చిన్న రోడ్డు నుంచి పెద్ద రోడ్డు ఎక్కేవాడు పెద్ద రోడ్డు మీద పోయే బండికి దారి ఇవ్వాలి. కుడి వైపు నుంచి వచ్చే బండిని ముందు పోనివ్వాలి. నీ తలుపు మీదే దెబ్బ పడిందంటే కారు ముందు భాగమే రోడ్డు మీదికి వచ్చిందన్నమాట. తప్పులో పెద్ద వాటా నీదే అని ట్రిబ్యునల్ అనే అవకాశం ఎక్కువ.

అయినా మొత్తం పోదు. బస్సు వేగం మీద సాక్ష్యం దొరికితే తప్పును పంచుతారు. ఉదాహరణకు పది లక్షల నష్టంలో నీ తప్పు 60 శాతమని తేలిస్తే నీకు నాలుగు లక్షలు వస్తాయి. ఆ సాక్ష్యం ఎక్కడుందో చెబుతాను. 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరైన ప్రయాణికుల బస్సుల్లో లొకేషన్ ట్రాకింగ్ పరికరం ఉండాలి, ఆ డేటా తెప్పించమని ట్రిబ్యునల్లో అడగొచ్చు. ఆ మలుపు దగ్గర పెట్రోలు బంకో, బియ్యం మిల్లో ఉంటే వాళ్ల కెమెరా రికార్డింగు భద్రపరచమని ఈ వారమే స్టేషన్లో రాసి ఇవ్వు. పాత దాని మీద కొత్తది ఎక్కిపోతుంది, తర్వాత ఏడ్చినా దొరకదు.

మీ కారు బీమా నుంచి నీకు రాదు. నువ్వే నడిపావు, నాన్న కారు అడిగి తీసుకున్నావు కాబట్టి చట్టం నిన్ను ఓనరు స్థానంలో నిలబెడుతుంది. 15 లక్షల ఓనరు-డ్రైవరు ప్రమాద బీమా మీ నాన్న పేరున ఉంటుంది, నీకు కాదు. చాలా ఇళ్లలో కారు తండ్రి పేరున, నడిపేది కొడుకు. దాని గురించి పాలసీ కట్టేటప్పుడే అడగాల్సింది.

మీ అమ్మగారి సంగతి వేరు. ఆవిడకు నీ తప్పు అంటదు. పైన సింగరాయకొండ సోదరికి చెప్పిందంతా ఆవిడకూ వర్తిస్తుంది. ఇద్దరి పిటిషన్లూ వేరువేరుగా వెయ్యండి. వీలైతే లాయర్లు కూడా వేరువేరు ఉండాలి. ఆవిడ కేసులో నీ తప్పు గురించి నిజం బయటికి రావాల్సి ఉంటుంది, ఒకే లాయరు రెండు వైపులా నిలబడలేడు.

ప్రశ్న: అక్కా నమస్తే. నెల్లూరులో ఆటో నడుపుతాను. రాత్రి పూట మినీ బైపాస్ మీద కారొకటి సందులోంచి దూసుకొచ్చి ఆటోను పక్క నుంచి గుద్ది ఆగకుండా పోయింది. నా భార్య చెయ్యి విరిగింది. నంబరు చూడలేదు. తెల్ల కారు అంతే. ఆటో లేక రోజు కూలి కూడా పోతోంది. స్టేషన్లో "నంబరు లేకుండా ఏం చేస్తాం" అన్నారు.
- నెల్లూరు

జవాబు: నంబరు లేకపోయినా ఎఫ్ఐఆర్ కట్టాలి. గుద్ది పారిపోయిన బండి కేసుల్లో తీవ్ర గాయానికి 50,000, ప్రాణం పోతే రెండు లక్షలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. దరఖాస్తు కోర్టులో కాదు, రెవెన్యూ ఆఫీసులో, ఆర్డీవో లేదా తహసీల్దారు దగ్గర ఇవ్వాలి. విచారణ చేసి కలెక్టరుకు పంపుతారు. ఎఫ్ఐఆర్, ఆస్పత్రి కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కు జెరాక్సులు తీసుకెళ్లు. ఆటో పక్కన అంటుకున్న తెల్ల పెయింటు కడిగెయ్యకుండా ఎంవీఐ చూసేదాకా ఉంచు. విరిగిన లైటు గాజు ముక్కలు ఉంటే స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకో. కారు దొరికితే ట్రిబ్యునల్‌కు పోవచ్చు, అప్పుడు ఈ 50,000 అందులో సర్దుబాటు అవుతాయి. ఆటో లేని రోజుల కూలి గురించి రాశావు, ఆ పథకంలో దానికి చోటు లేదు నాయనా. అది నాకూ బాధే.

ప్రశ్న: అమ్మా, మాది కనిగిరి, పామూరు మధ్య ఊరు. వయసు 52. అల్లుడి కారులో వస్తుంటే కొత్త టాటా ఏస్ బండి కుడి పక్క గుద్దింది. నా కుడి భుజం ఎముక అరిగినట్టు అయిపోయింది, చెయ్యి పైకి లేవదు. టాటా ఏస్ మీదే కేసు. అల్లుడు క్లెయిమ్ వేద్దామంటున్నాడు. నేను ఉద్యోగస్తురాలినా, నాకేం సంపాదన ఉందని ఏమిస్తారు? ఇంట్లో పని, రెండు గేదెలు, అంతే.
- కనిగిరి ప్రాంతం నుంచి ఒక అమ్మ

జవాబు: "అంతే" అన్న ఆ మాట చదివి చాలాసేపు ఉత్తరం పట్టుకుని కూర్చున్నాను.

ఇంటి పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పింది. 2021లో కీర్తి కేసులో మరీ గట్టిగా చెప్పింది. తెల్లవారకముందు లేచి మీరు చేసే పని ఇంకొకరు చెయ్యాలంటే జీతం ఇవ్వాల్సిందే. ట్రిబ్యునల్ దానికి ఒక అంకె వేస్తుంది. మీ వయసుకు గుణకం 11. 50 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 10 శాతం కలుపుతారు.

కానీ మీ విషయంలో ఊహించి వెయ్యాల్సిన అంకె కాదు. మీకు రెండు గేదెలున్నాయి. కుడి చెయ్యి లేవకపోతే పాలు ఎవరు తీస్తున్నారు? కూతురా, కూలి మనిషా? గేదెను అమ్మేశారా? అమ్మితే ఎవరికి, ఎంతకు? ఇవన్నీ సాక్ష్యాలే. పాల కేంద్రంలో పూటపూటకీ లీటర్లు, వెన్న శాతం రాసిన చీటీలు ఇస్తారు కదా. ప్రమాదానికి ముందు నెలలవీ, తర్వాతి నెలలవీ పక్కపక్కన పెడితే మీ సంపాదన ఎంత, ఎంత పోయిందీ జడ్జి గారికి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. డబ్బు బ్యాంకులో పడుతుంటే ఆ పాస్‌బుక్కు కూడా.

భుజానికి మెడికల్ బోర్డులో 40 శాతం అని రాస్తే అది చేతికి సంబంధించిన లెక్కో, మొత్తం శరీరానికో స్పష్టంగా రాయించుకోండి. ఆ ఒక్క మాట లేక ట్రిబ్యునల్లో సగానికి సగం తగ్గిపోయిన కేసులు ఉన్నాయి.

పాల చీటీలు చూరులో దోపి ఉంటే తీసి, తేదీల వారీగా దారంతో కట్టి, మీ అల్లుడి చేత ఆరు నెలల గడువు లోపల ఒంగోలు పంపించండి.